ఐదుగురూ బాగుందన్నారు

మే 4, సోమవారం

కాకినాడ దుమ్ములపేటలో ఐదుగురి చేతికి మా యాప్ ఉన్న ఫోనిచ్చి కూర్చోబెట్టాను. ఐదుగురూ బాగుందన్నారు. తల తీసుకెళ్ళి ఏ బోటుకేసో కొట్టుకోవాలనిపించింది.

అమ్మిరాజు ఫోను పట్టుకున్న తీరు చూస్తేనే తెలుస్తోంది, ఏదో ఇబ్బంది పడుతున్నాడని. "వెళ్తున్నాను" అన్న బటన్ దాకా వేలు తీసుకెళ్ళాడు. వెనక్కి లాక్కున్నాడు. లుంగీకి తుడుచుకున్నాడు. మళ్ళీ తీసుకెళ్ళాడు, మళ్ళీ లాక్కున్నాడు, నా వైపు చూసి నవ్వాడు.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"చాలా బాగుందండీ మేడంగారూ. ఇంత ఎండలో మాకోసం వచ్చారు మీరు."

ఎండకీ బటన్‌కీ ఏమిటి సంబంధం? ఈలోగా వాళ్ళమ్మ అచ్చాయమ్మ కూల్‌డ్రింకు తెప్పించింది. వద్దంటే వినదు. అది తాగాక భోజనమంది. "తినకుండా వెళ్తే మా ఇంటికి వచ్చినట్టేంటండీ?" అంది. రొయ్యల వేపుడు వేసుకుని అన్నం తిన్నాక, పెట్టిన మనిషిని పట్టుకుని ఇందులో తప్పులేమిటో చెప్పమనడం సిగ్గులేని పని. అయినా అడిగాను. "తప్పేముంటదండీ, చదువుకున్నోళ్ళు చేశారు, ఆయ్" అంది. కోడలు వీరదుర్గ కూడా తల ఊపింది.

పోయిన అక్టోబరులో ఈ అమ్మిరాజు బోటు ఇంజనే సముద్రంలో ఆగిపోయింది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఎక్కడ కొట్టుకుపోతోందో ఎవరికీ తెలియలేదు. అచ్చాయమ్మ గట్టు మీదే కూర్చుండిపోయిందట. మా "ఒడ్డు" యాప్ పుట్టిందే అందుకు. బయల్దేరేటప్పుడు "వెళ్తున్నాను" నొక్కితే, టవర్ అందినంత మేర, బోటు ఎక్కడుందో ఒడ్డున వాళ్ళ ఫోన్లలో చుక్కలాగా కనిపిస్తుంది. తిరిగొచ్చాక "వచ్చాను" నొక్కాలి. చీకటి పడినా నొక్కకపోతే ఒడ్డున ఫోన్లు మోగుతాయి. మధ్యలో ఏమైనా అయితే ఎర్ర బటన్. మొదటిది నొక్కకపోతే చుక్కా ఉండదు, ఎర్ర బటన్ నొక్కినా బోటు ఎక్కడుందో తెలియదు. జూన్ పద్నాలుగుతో వేట నిషేధం అయిపోతుంది. పదిహేనున బోట్లు దిగుతాయి. మొదటి బటనే నొక్కని మనిషి ఆ రోజు సముద్రం మీదికి వెళ్తాడు. నా కాగితంలో మాత్రం "బాగుంది" అని ఉంటుంది.

ఆఫీసుకొచ్చి చెబితే మా ఉదయ్‌కుమార్ గారు పూర్తిగా వినకుండానే లేచి బోర్డు మీద "నూటికి నూరు" అని రాశారు. కంపెనీ ఆయనది, బోర్డూ ఆయనదే. యాప్ స్క్రీన్లన్నీ గీసిన జానకిరామ్ చప్పట్లు కొట్టాడు.

మే 6, బుధవారం

బోర్డు మీద నూటికి నూరు ఇంకా చెరపలేదు.

మే 8, శుక్రవారం

ఉదయ్‌కుమార్ గారి గదిలో గంటసేపు గొంతు చించుకున్నాను. అమ్మిరాజు నొక్కలేదండీ అంటాను. బాగుందన్నాడు కదండీ అంటారు. బాగుందన్నాడు గానీ నొక్కలేదండీ అంటాను. అలవాటవుతుందిలెండి అంటారు. చివరికి తీర్పు చెప్పారు: స్క్రీన్ మీద ఏం మారాలన్నా జానకిరామ్ ఒప్పుకోవాలి. "గీసినవాడికి కనబడని తప్పు తప్పెలా అవుద్దండీ, ప్రసన్నగారూ?"

సరే, గీసినవాడికే చూపిద్దాం. అసలు నన్ను ఇక్కడ పెట్టుకున్నదే అందుకు. డిజైనర్లు తమంతట తామే జనం దగ్గరికెళ్ళి, యాప్ వాడించి చూసుకోవడం నేర్పడానికి. నాలుగు నెలలు కూర్చుని మార్గదర్శిని రాశాను, అరవై నాలుగు పేజీలు. స్పైరల్ బైండింగ్ చేయించి నలుగురు డిజైనర్లకీ తలొకటి ఇచ్చాను. ఎలా ఉందని అడిగితే నలుగురూ "చాలా బాగుందండీ మేడం" అన్నారు. పోనీలే, ఈ ఆఫీసులో అదొక్కటైనా సరిగ్గా కుదిరింది.

మే 12, మంగళవారం

జానకిరామ్‌ని దుమ్ములపేట లాక్కెళ్ళాను. దేవుడా.

వాడికి నోరు ఊరుకోదు. అమ్మిరాజు ఫోను అందుకున్నాడో లేదో, "ఇక్కడ నొక్కండి బాబాయ్, పచ్చగా ఉంది చూడండి" అని మొదలెట్టాడు. నేను కాలితో తొక్కాను. కాలు జరుపుకుని ఇంకో రెండడుగులు ముందుకి జరిగాడు. అమ్మిరాజు వేలు బటన్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తుంటే, ఆ వేలు పట్టుకుని తనే స్క్రీన్‌కి అద్దాడు. చిన్నపిల్లలకి అక్షరాభ్యాసం చేయించినట్టు! అచ్చాయమ్మ మొహం ఒక్కసారిగా మాడిపోయింది. అంతలోనే సర్దుకుని, "మజ్జిగ తాగుతావా బాబూ?" అంది.

"ఎలా ఉంది బాబాయ్?"

"బాగుందండీ, ఆయ్."

దార్లో జానకిరామ్ బైకు మీద ఈల వేసుకుంటూ వచ్చాడు. "సక్సెస్ మేడం. ఒక్క నిమిషంలో నొక్కేశారు." నొక్కింది నువ్వురా అనబోయి ఆగాను. పక్కన కూర్చున్నవాడు వేలెత్తి కూడా చూపించకూడదని ముప్ఫై ఒకటో పేజీలో రాశాను. చదివావా అన్నాను. "చదివానండీ, సూపరండీ" అన్నాడు. చదివి కూడా ఇలా చేశాడంటే వీడిని ఏం చేయాలి?

మే 17, ఆదివారం

ఆదివారం గణేష్‌బాబు వంట. చేపల పులుసు. పెళ్ళయినప్పటినుంచీ ఉప్పు ఎక్కువే వేస్తాడు. "ఎలా ఉంది?" అన్నాడు. బాగుందన్నాను. ఇంకో గరిటె వేశాడు.

భోజనం అయ్యాక దుమ్ములపేట గోడు వెళ్ళబోసుకున్నాను. మన గోదావరి జిల్లాల్లో మనుషులు మొహం మీద నిజం చెప్పరేమిటి, ఎందుకింత మొహమాటం అని. "నీ పేరు ప్రసన్నకుమారి గానీ, నీ మొహం చూస్తే ఎవరికైనా నిజం చెప్పబుద్ధేయదు" అన్నాడు. తనకి అన్నీ వేళాకోళమే.

మే 20, బుధవారం

ఇవాళ రాయాల్సింది చాలా ఉంది.

ఒక్కదాన్నే వెళ్ళాను. ఎండకి తల బద్దలవుతోంది. అచ్చాయమ్మ వలలు బాగుచేసే చోట కూర్చుని ఉంది, పక్కనే అమ్మిరాజు, వీరదుర్గ. మళ్ళీ ఫోనిచ్చాను. మళ్ళీ వేలు ముందుకీ వెనక్కీ. మళ్ళీ నవ్వు. నాకు ఓపిక అయిపోయింది.

వీరదుర్గ అడిగింది, "ఇదంతా మీరే చేశారాండీ?"

"నేను చేయలేదమ్మా! ఎవరో చేసి నా మెడకి చుట్టారు, నేను మోసుకుని తిరుగుతున్నాను" అన్నాను. విసుగులో నిజం వచ్చేసింది.

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అచ్చాయమ్మ చేతిలో వల కింద పడేసింది.

"మీది కాదా? ఆ ముక్క ముందే చెప్పొద్దాండీ!"

ఇంక మొదలెట్టింది. "ఎవడండీ ఆ మాట రాసినోడు? సముద్రం మీదికెళ్ళేవోడు 'వెళ్తున్నాను' అంటాడాండీ? ఎక్కడికంట, ఏకంగానా? ఆడికి అమ్మా అబ్బా ఉన్నారా, లేకపోతే కంప్యూటరే కనిందా? మా ఇంట్లో పసిపిల్లోడు ఆ మాటన్నా మూతి మీద ఒకటిస్తాను."

అమ్మిరాజు అందుకున్నాడు. "మొన్న ఆ బాబు నా వేలట్టుకుని నొక్కించేశాడు కదండీ. ఆయన అటెళ్ళగానే మాయమ్మ నాకు దిష్టి తీసిందండీ. ఎండుమిరపకాయలు ఎన్ని వేసినా ఘాటు రాలేదంట."

"మరి బాగుందన్నారేంటండీ?" అన్నాను.

"ఇంటికొచ్చిన మనిషి చేసుకొచ్చింది బాగోలేదని ఎలాగంటామండీ?" అన్నాడు, నేనేదో కానిమాట అడిగినట్టు.

తరువాత ఎర్ర బటన్ వంతు. దాని మీద "ఆపద" అని ఉంటుంది, ఒడ్డున ఉన్నప్పుడే ఒకసారి నొక్కి చూసుకోమంటుంది. వీరదుర్గ దాన్ని చూడను కూడా చూడనంది. "గట్టు మీద కూర్చుని ఆపద, ఆపద అని పిలవమంటారేంటండీ? రమ్మంటే వచ్చేదే కదండీ అది."

నవ్వుతున్నారు, నవ్విస్తున్నారు. పదిహేను రోజులుగా నా ముందు చేతులు కట్టుకు కూర్చున్న మనుషులేనా వీళ్ళు అనిపించింది. గోదావరి వాళ్ళకి వెటకారం పుట్టుకతో వచ్చిందంటారు. దాని మీద మర్యాద మూత పెట్టుకుని కూర్చున్నారు, అంతే. మూత తీయడానికి నాకు ఒక విసుగు కావాల్సి వచ్చింది.

ఇంకో సంగతి రాసి పడుకుంటాను. రోజూ గుమ్మం దాటేటప్పుడు నేను "వెళ్ళొస్తాను" అనే అంటాను. చిన్నప్పుడు పాలకొల్లులో బడికి బయల్దేరుతూ "వెళ్తా" అన్నానంటే మా అమ్మ లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ సరిగ్గా చెప్పించి పంపేది. ఆ బటన్ స్క్రీన్ నా దగ్గరికి వచ్చినప్పుడు "భాష సరిగ్గా ఉంది" అని రాసింది నేనే.

మే 21, గురువారం

జానకిరామ్‌కి పూసగుచ్చినట్టు చెప్పాను. "వెళ్ళొస్తాను" అని మార్చమన్నాను. శ్రద్ధగా విన్నాడు. విని ఏమన్నాడో ఇక్కడ రాసి పెట్టుకోవాలి, ఎప్పటికైనా నవ్వొస్తుందేమో.

"వెళ్ళొస్తాను అంటే అందులో వెళ్ళడం, రావడం రెండూ ఉన్నాయండీ. ఒక బటన్ ఒక పనే చెప్పాలి. రావడానికి 'వచ్చాను' అని వేరే బటన్ ఉంది కదండీ. జనం కన్ఫ్యూజ్ అవుతారు."

"నువ్వు పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మీ అమ్మతో ఏమంటావు?"

"వెళ్ళొస్తానంటానండీ. అది ఇల్లు కదా, ఇది యాప్."

ఉదయ్‌కుమార్ గారు నిన్న అన్నవరం వెళ్ళి యాప్ పేరు మీద వ్రతం చేయించుకొచ్చారు. ప్రసాదం చేతిలో పెట్టి, "ఒక ముసలావిడ మాట పట్టుకుని మారుస్తామాండీ? ఐదుగురూ బాగుందన్నారు. మిగతాది సత్యనారాయణస్వామి చూసుకుంటారు" అన్నారు. ప్రసాదం బాగుంది. అంతవరకే ఒప్పుకుంటాను.

మే 26, మంగళవారం

ఈ వారంలో నలుగురు డిజైనర్లూ తలొకసారి దుమ్ములపేట వెళ్ళి, మార్గదర్శినిలో ఉన్నట్టు చేసి రావాలని చెప్పాను. తప్పకుండా మేడం అన్నారు. ఒకడికి పంటినొప్పి. ఒకడికి పెళ్ళిచూపులు. ఒకమ్మాయికి స్కూటీ పాడైంది. జానకిరామ్ మాత్రం నిజం చెప్పాడు, మర్చిపోయానని. పుస్తకంలో అంతా వివరంగా ఉంది. అధ్యాయాలున్నాయి, అనుబంధాలున్నాయి, చివర పదకోశం కూడా ఉంది. ఇంకేం కావాలి వీళ్ళకి?

బోట్లకి రంగులు వేస్తున్నారట. అమ్మిరాజు ఇంజను బాగుచేయించుకున్నాడట.

మే 28, గురువారం

నలుగురినీ కూర్చోబెట్టి "మనది కాదు" అన్న ఉపాయం చెప్పాను. ఎవరిదైనా పని చూపించేటప్పుడు, ఇది నేను చేసింది కాదు, తిట్టినా నాకేం కాదు అని ముందే చెప్పేస్తే అవతలివాళ్ళ నోరు తెరుచుకుంటుందని. జానకిరామ్ మొదటిసారి ఏదో రాసుకున్నాడు. సంతోషం వేసింది.

మే 30, శనివారం

జానకిరామ్ రెండు కాగితాలు తెచ్చాడు. నీలం అంచు, పైన ఏదో కంపెనీ పేరు. "బెంగళూరు వాళ్ళదండీ. డిజైనర్లకి నేర్పే పుస్తకమంట. మనకి కొందామంటున్నారు సారు. మీరొకసారి చూసి చెప్పండి, మనది కాదు కదా."

చూశాను. మొదటి వాక్యానికే ఊపిరి ఆడలేదు. "వాడుకరుల అంతరంగ ఆకాంక్షల ఆవిష్కరణ నిమిత్తం సందర్భోచిత పరిశీలనా ప్రక్రియను అవలంబించవలెను." చదివి వినిపించి మరీ కడిగేశాను. ఇది రాసినవాళ్ళు జన్మలో ఎప్పుడైనా ఒక మనిషి పక్కన కూర్చున్నారా? లేచి ముందు ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. చెప్పులేసుకుని ఎక్కడికి వెళ్ళాలి, వెళ్ళి ఏమనాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి, ఏదీ లేదు. పంచాంగం కూడా ఇంతకన్నా అర్థమవుతుంది.

నేను ఆగినప్పుడల్లా వాడు "ఇంకా అండీ?" అనేవాడు. అడిగిన కొద్దీ నాకు ఊపొచ్చింది. ఎక్కడో చదివినట్టే ఉంది, ఈ పుస్తకాలన్నీ ఇలాగే ఏడుస్తాయి అన్నాను.

అప్పుడు మెల్లిగా చెప్పాడు. "ఇరవై మూడో పేజీ అండీ. మీదే. హెడ్డింగ్ మార్చి అంచు వేశానంతే."

మే 31, ఆదివారం

జానకిరామ్‌తో ఇక మాట్లాడను.

జూన్ 1, సోమవారం

మాట్లాడలేదు. వాడే వచ్చి నా బల్ల మీద కాఫీ పెట్టి వెళ్ళాడు. చల్లారిపోతుందని తాగాను.

జూన్ 2, మంగళవారం

నలుగురూ బాగుందన్నారు. నేను నమ్మాను.

అమ్మిరాజు ఆ మాటంటే పళ్ళు కొరుక్కున్నాను. అదే మాట ఈ నలుగురూ అంటే స్పైరల్ బైండింగ్ చేయించుకుని మురిసిపోయాను. ఇంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు. యాప్ వాడేది వాళ్ళయితే నా పుస్తకం వాడేది వీళ్ళు. చదివారా అని అడగడమే తప్ప, చదువుతుంటే ఒక్కసారైనా పక్కన కూర్చున్నానా?

ఇవాళ కూర్చున్నాను. కుర్చీ లాక్కుని జానకిరామ్ పక్కన, మధ్యాహ్నం దాకా, ఏమీ అనకుండా. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పనిచేస్తాడు. ఉదయ్‌కుమార్ గారు గుక్క తిప్పుకోకుండా మెసేజీలు పెడుతుంటారు, ఆ రంగు మార్చు, ఈ రంగు మార్చు, మళ్ళీ పాతదే పెట్టు అని. అన్నం కూడా స్క్రీన్ ముందే. ఒకసారి నా మార్గదర్శిని తీశాడు, నేను ఉన్నానని కాబోలు. విషయసూచిక చూశాడు. పేజీలు అటూ ఇటూ తిప్పాడు. పాపం, వేలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఫోను మోగింది. మూసేశాడు.

నాకు నోట్లోంచి "ముప్ఫై ఒకటో పేజీ" అని వచ్చేయబోయింది. ఆపుకున్నాను. ఆపుకోవడం ఎంత కష్టమో ఇవాళే తెలిసింది. ఇతరులకి మాత్రం ఒక్క వాక్యంలో రాసి పారేశాను.

జూన్ 4, గురువారం

అరవై నాలుగు పేజీలు పోయి అరపేజీ మిగిలింది. మొదటిసారి రాసింది చూసి జానకిరామ్ "మనది కాదనుకుని చెప్పనాండీ?" అని అడిగి మరీ సగం కొట్టేశాడు. కోపమొచ్చింది. కొట్టేసిందంతా కొట్టేయాల్సిందే.

మిగిలింది ఇది. ఎవరు వాడతారో వాళ్ళ దగ్గరికి వెళ్ళు, ఆఫీసుకి పిలవకు. నేను చేసింది కాదని చెప్పు. నువ్వే చేసి ఉంటే నీ బదులు వేరేవాళ్ళని పంపు, లేదా తిట్లు తినడానికే వచ్చానని ఒట్టేసి చెప్పు. ఫోను వాళ్ళ చేతికిచ్చి నీ చేతులు వెనక్కి పెట్టుకో. ఎలా ఉందని అడగకు. వేలు ఎక్కడ ఆగిందో చూడు. భోజనం పెడతామంటే పని అయ్యాక తిను, ముందు తినకు.

"మాట్లాడకుండా ఉండు" అని కూడా రాశాను. అది నా వల్ల కాదండీ అన్నాడు జానకిరామ్. ఆలోచించి ఒక ఉపాయం తనే చెప్పాడు. రేపు కొనుక్కొస్తానన్నాడు.

జూన్ 6, శనివారం

గొట్టం కాజాలు. కాకినాడలో పుట్టినవాడికే రావాలి ఆ బుద్ధి. కొరికితే పాకం కారుతుంది కాబట్టి పెదవులు బిగించుకునే ఉండాలి, నోరు తెరిస్తే చొక్కా పాడవుతుంది. దుమ్ములపేటలో అచ్చాయమ్మతో, "నేనే చేశానండీ, తిట్లు తినడానికే వచ్చాను, మా అమ్మ మీద ఒట్టు" అని చెప్పి, కాజా నోట్లో పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నేను దూరంగా, బోటు నీడన నిలబడ్డాను.

అమ్మిరాజు ఫోను తీసుకున్నాడు. వేలు వెళ్ళింది. ఆగింది. వెనక్కి వచ్చింది. జానకిరామ్ చెయ్యి ముందుకి లేచింది, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. అమ్మిరాజు వేలు మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. వీడు ఏదో అనబోయాడు, గడ్డం మీదుగా పాకం కారింది. అచ్చాయమ్మ పడీ పడీ నవ్వింది. వీడు గడ్డం తుడుచుకుని ఇంకో కాజా పెట్టుకున్నాడు. అమ్మిరాజు చివరికి ఫోను బోర్లా పెట్టి, "ఇంకో రోజు చూద్దాంలెండి" అన్నాడు.

జగన్నాథపురం వంతెన దాటాక జానకిరామ్ నోరు తెరిచాడు.

"ఆయన నొక్కలేదండీ."

"అవును."

"పోయినసారి కూడా ఆయన నొక్కలేదండీ. నేను నొక్కించాను."

"అవును."

"మరి మీరు ముందే చెప్పొచ్చు కదండీ?"

బైకు నడుస్తోంది కాబట్టి బతికిపోయాడు.

జూన్ 7, ఆదివారం

పులుసులో ఉప్పు ఎక్కువైందని చెప్పేశాను. గణేష్‌బాబు చెంచా కింద పెట్టాడు. "నాకూ ఎక్కువే అనిపిస్తుంది. నీకిష్టమని వేస్తున్నాను" అన్నాడు. ఇన్నేళ్ళూ ఇద్దరం తిన్నాం ఆ ఉప్పు.

జూన్ 9, మంగళవారం

మారింది! "వెళ్ళొస్తాను." ఎర్ర బటన్ మీద "ఆపద" తీసేసి "కేక వేయి" అని పెట్టాడు జానకిరామ్. కేకేసి చూసుకోవడానికి ఎవరికీ భయం లేదు, దుమ్ములపేటలో పిల్లలు కూడా నొక్కి చూశారట. ఉదయ్‌కుమార్ గారు ఎవరు చెప్పారని అడిగితే, "ఎవరూ చెప్పలేదండీ, నేనే చూశాను" అన్నాడు. ఆయన కాసేపు గడ్డం గోక్కుని బోర్డు మీద నూటికి నూరు చెరిపేశారు. నాకు కళ్ళు చెమర్చాయి. చాక్‌పీసు పొడి అన్నాను.

జూన్ 12, శుక్రవారం

అందరి ఫోన్లలో ఎక్కించడం అయింది. ఇంక ఏ తప్పూ లేదు. అన్నీ చూశాం.

జూన్ 15, సోమవారం

ఏం చూశాం? నా మొహం చూశాం.

తెల్లవారేసరికి రేవులో ఉన్నాం. బోట్ల ముక్కులకి పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు. ఉదయ్‌కుమార్ గారు కొత్త చొక్కాలో ఫోటోలు తీస్తున్నారు. అమ్మిరాజు "వెళ్ళొస్తాను" మీద వేలు పెట్టబోయి ఆగాడు. వెనక్కి తిరిగి, "అమ్మా, మొదటిసారి, నీ చేత్తో నొక్కు" అన్నాడు. అచ్చాయమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని, కళ్ళకద్దుకుని నొక్కింది. చుక్క వెలిగింది. చప్పట్లు. అమ్మిరాజు బోటెక్కాడు. ఇంజను చక్కగా అందుకుంది.

అచ్చాయమ్మ కొడుకు ఫోనుని కవర్లో చుట్టి బొడ్లో దోపుకుంది.

"ఫోను! అచ్చాయమ్మగారూ, ఫోను!" అన్నాను.

"సముద్రం నీళ్ళకి తడిసిపోద్దండీ. నా దగ్గరుంటే భద్రం."

ఉదయ్‌కుమార్ గారు తన ఫోనులో మ్యాపు చూసుకుంటూ, "పనిచేస్తోందండీ, చుక్క కనిపిస్తోంది!" అంటున్నారు. చుక్క కనిపించకేం, అచ్చాయమ్మ బొడ్లో ఉంటే! మనిషి సముద్రం మీద, చుక్క ఒడ్డు మీద. అక్టోబరుకీ ఇవాళ్టికీ తేడా ఏముంది? నాకు ఒళ్ళు తెలియలేదు. గట్టు వెంట పరిగెత్తాను, "అమ్మిరాజూ! అమ్మిరాజూ!" అని అరిచాను. అతను తిరిగి చూసి, నేను సాగనంపుతున్నాననుకుని చెయ్యెత్తాడు. "వెళ్ళొస్తానండీ మేడంగారూ!"

మళ్ళీ అరవబోతే అచ్చాయమ్మ వెనకనుంచి వచ్చి నా నోరు మూసేసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "వెనక్కి పిలవకండమ్మా, మీకు దణ్ణం పెడతాను. వెళ్ళేవోణ్ణి వెనక్కి పిలిస్తే ఎలాగండీ?"

జానకిరామ్ వచ్చి అచ్చాయమ్మ పక్కన నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని. కాసేపటికి ఆవిడ గుండె కుదుటపడి, కొడుకు ఎంతదాకా వెళ్ళాడో చూద్దామని బొడ్లోంచి ఫోను తీసింది. చూసింది. సముద్రం వైపు చూసింది. మళ్ళీ ఫోను చూసింది.

"ఏంటిది? మావోడు ఇక్కడే ఉన్నాడంటదేంటి?" అని, తరువాత తన చేతిలో ఉన్నదేమిటో చూసుకుని నెత్తి కొట్టుకుంది. "ఓరి నాయనో, నేనాండీ ఆ చుక్కని!"

అటూ ఇటూ చూసింది. వాళ్ళ బావగారబ్బాయి భీమరాజు బోటు అప్పుడే కదులుతోంది. ముందుకి పంపడానికి ఏ శకునమూ అడ్డు రాదు కాబోలు, మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, "ఇది మావోడికియ్యరా, మెడకి తగిలించుకోమను, కవరు తియ్యొద్దని చెప్పు" అని ఫోను అందించింది. మేమందరం ఉదయ్‌కుమార్ గారి ఫోను మీదికి వంగాం. చుక్క కదిలింది. మెల్లిగా రేవు దాటి నీలంలోకి వెళ్ళింది. అచ్చాయమ్మ తడిచీరతోనే మా మధ్యలోకి దూరి చూసింది. నాకు దుఃఖం ఆగలేదు, ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను.

చీకటి పడుతుంటే ఇంట్లో ఉన్నాను, ఫోనులో మా యాప్ గీపెట్టింది. "అమ్మిరాజు తిరిగి రాలేదు." వెంటనే జానకిరామ్‌కి చేశాను.

"ఇక్కడే ఉన్నాడండీ. అన్నం తింటున్నాడు. నేను వాళ్ళింట్లోనే ఉన్నాను" అన్నాడు మెల్లిగా. "సాయంత్రమే వచ్చేశాడండీ. 'వచ్చాను' నొక్కలేదు."

"ఎందుకు నొక్కలేదు?"

"అడగలేదండీ, చూస్తున్నాను. గుమ్మంలోకి రాగానే వాళ్ళమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చింది. ఇంక వచ్చానని ఎవరికి చెబుతాడండీ? ఆ బటనే తప్పేమో. ఒడ్డుకి రాగానే దానంతటదే తెలుసుకోవాలి. ఇంకోటండీ. ఏమనుకోకండి."

"చెప్పు."

"రేపట్నుంచి మీరు ఇక్కడికి రావద్దండీ. మీరొస్తే అచ్చాయమ్మగారు కుర్చీ వేస్తున్నారు. నేనొస్తే వల చివర పట్టుకోమంటున్నారు."

సరే అన్నాను. కష్టంగా అనిపించింది, చాలా కష్టంగా. ఫోను పెట్టేస్తుంటే అవతల అచ్చాయమ్మ గొంతు వినిపించింది, జానకిరామ్‌ని ఏదో తిడుతోంది, వాడు మాత్రం ఏమీ అనడం లేదు.